సత్తమ్మ కార్డు

పోయిన వారం మనం వనజను కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి వరండాలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, నోరు తెరుచుకుని నిలబడింది. తెరుచుకోదా మరి! సిరిపురం సబ్‌సెంటర్‌లో నర్సమ్మగా పదహారేళ్ల సర్వీసు ఆమెది. బతిమాలి, కోప్పడి, కాళ్లావేళ్లా పడి, బీడీ కార్ఖానా ముందు క్యాంపు పెట్టించి, ఒక్క పూటలో అరవై మంది ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించింది. అరవైలో యాభై తొమ్మిది బాగున్నాయి. ఒక్కటి తేడా వచ్చింది. పేరు సత్తమ్మ, వయసు యాభై ఆరు. ఆ సత్తమ్మను బస్సెక్కించి పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ తెర వెనక పరీక్ష చేసి, చేతి తొడుగులు తీసేస్తూ బయటికి వచ్చి ఏమన్నదో మీకు గుర్తుండే ఉంటుంది.

“సిస్టర్, ఈమెకు గర్భసంచి లేదు, ముఖద్వారం లేదు. ఎప్పుడో మొత్తం తీసేసిన్రు. ఈమెకు ఈ రోగం వచ్చే చోటే లేదు. మరి నువ్వు పంపిన నమూనా ఎవరిది?”

అదీ సంగతి. అంటే సిరిపురంలో ఎక్కడో ఒక ఆడమనిషి వంట చేసుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ, తన లోపల ఏముందో తెలియకుండా తిరుగుతోంది. ఆమె ఎవరో వనజకు తెలియదు. “వారం లోపల ఆ మనిషిని నా ముందు కూర్చోబెట్టు” అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చెప్పడానికేం, నోటితో చెప్పేదే కదా!

తిరుగు బస్సులో గంటన్నరసేపు వనజ అడుగుతూనే ఉంది. సత్తమ్మ కిటికీ వైపు ముఖం తిప్పుకుని, “నాకేం ఎరుక బిడ్డా” అన్న ఒక్క మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. బస్సు దిగాక మాత్రం, రోజూ నడుము పట్టుకుని మూలిగే మనిషి, చెంగు దోపుకుని గబగబా నడిచింది. అదీ ఇంటివైపు కాదు, బజారు వైపు. నడుం నొప్పి మాత్రలకేమో అనుకుంది వనజ. అలా అనుకున్నందుకు ఈ వారం ఎంత ఏడవబోతోందో చూడండి.

తెల్లారి తొమ్మిదింటికల్లా వనజ స్కూటీ తీసింది. తీస్తుండగానే ఫోను. పైనుంచి సూపర్‌వైజరమ్మ. “వనజా, క్యాంపు అరవై కేసులు యాప్‌ల ఎక్కలే. ఆధార్ నంబర్లు లేకుంటే తీసుకుంటలేదు. సాయంత్రంలోపు ఎక్కించాలె.” వనజకు ఒళ్లు మండిపోయింది. ఎవరి నమూనా ఎవరిదో తెలియక తను చస్తుంటే, ఈవిడకు యాప్! “ఎక్కిస్త మేడం” అని ఫోను పెట్టేసి, ఆ మండేదంతా స్కూటీ కిక్కు మీద చూపించింది. అది కూడా నాలుగోసారికి గాని కదల్లేదు.

ఆమె అనుమానం ఒక్కటే. ఆ రోజు కార్ఖానా ముందు ఒకటే తోపులాట. నమూనా గొట్టాల మీద పేర్ల చీటీలు అంటించేటప్పుడు తారుమారయ్యి ఉండాలి. సత్తమ్మ గొట్టం ఇంకెవరికో, ఇంకెవరిదో సత్తమ్మకు. అదే నిజమైతే అరవై మందినీ మళ్లీ పిలవాలి. మొదటిసారికే ఒక్కొక్కరి గడప నాలుగేసి సార్లు తొక్కింది. “మాకేం రోగం లేదు, మాకెందుకు?” అని కొందరు, “మొగోడు ఏమంటడో” అని కొందరు, నమూనా తీసే పుల్లను చూసి “గా పుల్ల లోపల ఇరుక్కుంటదట గదా” అని ఇంకొందరు. ఇప్పుడు మళ్లీ వెళ్లి, ‘మీ రిపోర్టులు కలిసిపోయాయి, ఇంకోసారి రండి’ అంటే చీపుళ్లు తిరగేస్తారు.

నేతవాడలోకి మళ్లగానే సాంచాల చప్పుడు చెవులను మూసేసింది. సాంచాలంటే మరమగ్గాలే. ఇంటికో రెండు, లేదంటే షెడ్డులో కూలి. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల చాట మీద. పిల్లకు పన్నెండేళ్లు రాకముందే వేళ్లకు బీడీ చుట్టడం వచ్చేస్తుంది ఆ వాడలో. ఏ ఇంట్లో చూసినా తలుపు పక్కన ఒక మేకు, దానికి క్యాలెండరు, క్యాలెండరు కింద ప్లాస్టిక్ కవరులో కార్ఖానా కార్డు.

ఆ కార్డు సంగతి తెలియకపోతే ఈ కథ అర్థం కాదు, కాబట్టి ఒక్క నిమిషం ఆగండి. బీడీలు చుట్టేది ఎవరైనా కార్డు మాత్రం ఇంటికి ఒకటే ఉంటుంది. ఎక్కువగా అత్త పేరు మీద. ఆ కార్డు మీదే ఆకు ఇస్తారు, ఆ కార్డు మీదే పీఎఫ్, పింఛను, బీడీ కార్మికుల దవాఖానాలో మందులు. అత్తకు చేతులు పడిపోతే కోడలు చుడుతుంది, పేరు అత్తదే. కొత్త కార్డు అడిగితే కార్ఖానా ఇవ్వదు, ఉన్న కార్డు పోతే మళ్లీ రాదు. అందుకని వాడంతా కలిసి ఆ ఒక్క అబద్ధాన్ని పసిపిల్లలా కాపాడుకుంటుంది. కార్ఖానాలో గుమాస్తా “సత్తమ్మా!” అని పిలిస్తే ఏ వయసు మనిషి లేచి వెళ్లినా తలెత్తి చూసేవాళ్లు లేరు.

సత్తమ్మ వాకిట్లోనే ఉంది. ఒడిలో చాట, చాటలో తంబాకు, తడిగుడ్డలో చుట్టిన తునికాకు. తలుపు దగ్గర పిల్లల చెప్పులు రెండు జతలు.

“రా బిడ్డా, కూసో. చాయ్ పెట్టన్నా?”

“చాయ్ లేదు, ఏం లేదు పెద్దమ్మా. నీ కోడలేది?”

“బజార్ల పనుండి పోయింది.”

“పొద్దుగాలనా?”

“పొద్దుగాల పోతే తప్పా?” అంది సత్తమ్మ, ఆకు మీదినుంచి తల ఎత్తకుండా.

వనజ ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది. సంచిలోంచి క్యాంపు రిజిస్టరు తీసి తొడ మీద పెట్టుకుంది. గొంతు మెత్తగా పెట్టాలనే అనుకుంది, కానీ నిన్నటి నుంచి మరుగుతున్నది ఎక్కడికి పోతుంది?

“పెద్దమ్మా, నిన్న బస్సుల అడిగితే నోరు మెదపలే. ఇయ్యాళ చెప్పందే నేను లేవ. ఆ రోజు క్యాంపుకు నువ్వు వచ్చినవా, రాలేదా?”

“అచ్చిన. నా పేరు లేదా నీ బుక్కుల?”

“పేరు ఉంది. మనిషి ఉన్నదా అని అడుగుతున్న.”

“కార్డు మీద బీడీలు చేసేది నేను. అచ్చింది నేను. పుల్ల పెట్టుకున్నది నేను. ఇంకేం గావాలె నీకు?”

“బీడీలు చేసేది నువ్వేనా?”

“కండ్లు కనవడ్తలేవా? చేస్తనే ఉన్న గదా!”

వనజకు కోపం నషాళానికి అంటింది. “చెయ్యి అయితే. నా ముంగట ఒక్క బీడీ చెయ్యి. చూస్త.”

సత్తమ్మ ఒక్క క్షణం ఆమె వైపు చూసింది. మొండిది. కత్తిరించిన ఆకు తీసుకుంది, చిటికెడు తంబాకు పరిచింది. ఒకప్పుడు వాడలో సత్తమ్మ చేతిని చూడ్డానికే అమ్మలక్కలు వచ్చేవారట. ఇప్పుడు ఆ వేళ్ల కణుపులు ఉబ్బిపోయి, చూపుడువేలు వంగనే వంగలేదు. ఆకు ఒక పక్కకు తిరిగింది, మధ్యలో పగిలింది, తంబాకు ఒడిలో రాలింది. ఇంకో ఆకు తీసుకుంది. అదీ అంతే. మూడోది తీయబోతుంటే వనజ ఆ చెయ్యి పట్టుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది. ముసలిదాని చేత ఇదేం పరీక్ష!

“ఇడిసిపెట్టు పెద్దమ్మా. నీ కార్డు గుంజుకోనీకి రాలే నేను. కార్ఖానకు చెప్ప. ఎవ్వలకు చెప్ప. ఎవలో ఒక ఆడిమనిషి పాణం మీదికొచ్చింది, గామె ఎవలో దొరకాలె. గంతే నాకు గావాల్సింది.”

“నేనే అంటున్న గదా.”

“నీకు సంచే లేదని డాక్టరమ్మ చెప్పె! ఎప్పుడు తీసిండ్రు?”

“నా కొడుకు శ్రీహరికి ఎనిమిదేండ్లప్పుడు. తెల్లబట్ట అయితుంటే హనుమండ్లు డాక్టరు తోల్కపోయిండు. తీసెయ్యకుంటే గడ్డ అయితదన్నరు. ముప్పై రెండేండ్లు నాకు గప్పుడు. గా నాడు పోయిన నడుము మళ్ల నిలవడలే.”

హనుమండ్లు డాక్టరంటే డాక్టరు కాదు. బజార్లో బల్ల వేసుకుని సూదులు పొడుస్తూ, కమీషన్‌కు నర్సింగ్ హోంలకు మనుషులను పంపే ఆర్‌ఎంపీ. ఊళ్లో ముప్పై నిండిన ఆడవాళ్లలో సగం మందికి కడుపు మీద గాటు ఉందంటే అందులో ఆయన చలవ చాలానే ఉంది.

“మరి గింత పెద్ద ఆపరేషన్ అయిందని క్యాంపుల ఎందుకు చెప్పలే? సంచి మొత్తం తీసేసినోళ్లకు ఈ పరీక్షే అక్కర్లేదు. నేను అందర్నీ అడిగిన. నిన్ను సుత అడిగిన. అగో, రాసి ఉంది చూడు!”

అని వనజ రిజిస్టరు తెరిచింది. ముసలిదాన్ని నిలదీయడానికే తెరిచింది. వేలు పెట్టి, అందరికీ వినబడేంత గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

“సీరియల్ నలభై ఒకటి. సత్తమ్మ. యాభై ఆరు. గర్భసంచి ఆపరేషన్ అయిందా? లేదు. ఇగో, లేదు అని చెప్పినవు! పిల్లలెందరు? ఇద్దరు. చిన్నదానికి ఎన్నేండ్లు? నాలు...”

రిజిస్టరును కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది.

చిన్న బిడ్డ వయసు: నాలుగేళ్లు. తన రాతే. తన నీలం పెన్నే. యాభై ఆరేళ్ల ఆడదానికి నాలుగేళ్ల బిడ్డ! అలా అని తనే అడిగి, తనే విని, తనే రాసుకుంది. కింద వరస చూసింది. నెలసరి కాని రోజుల్లో రక్తం కనబడుతోందా? అవును. ఎన్నాళ్ల నుంచి? ఏడు నెలలు. భర్తతో కలిసిన తర్వాత రక్తం? అవును.

అన్నిటికీ పక్కన టిక్కులు. చక్కగా, వంకర లేకుండా.

తలుపు దగ్గర ఉన్న రెండు జతల చెప్పుల్లో చిన్నది సత్తమ్మ మనవరాలు నవ్యశ్రీది. పోయిన నెలే అంగన్‌వాడీలో చేరింది. దానికి నాలుగేళ్లు.

“జ్యోతిరాణి,” అంది వనజ. “నీ కోడలు జ్యోతిరాణి!”

సత్తమ్మ తల దించుకుని ఒడిలో రాలిన తంబాకును ఏరి చాటలో వేయసాగింది.

అప్పుడు గుర్తొచ్చింది వనజకు. గుర్తు రాకపోయినా బాగుండేది. క్యాంపు రోజు, ఇంకా వరస మొదలవ్వకముందే, సన్నగా, ముఖాన రక్తం లేని పిల్ల ఒకతి బల్ల దగ్గరికి వచ్చింది. “అక్కా, నాకు సుత చేస్తరా?” అంది. తను తల ఎత్తకుండానే “ఎన్నేండ్లు?” అంది. “ఇరవై ఎనిమిది.” “ముప్పై నిండినోళ్లకే. ముప్పై నుంచి అరవై అయిదు దాకా, అయిదేండ్లకొకసారి. నీకింకా టైముంది, పో.” ఆ పిల్ల పోలేదు. బల్ల అంచు పట్టుకుని, “అది కాదక్కా, నాకు జర...” అని ఏదో చెప్పబోయింది. “తర్వాత మాట్లాడుదాం, జరుగు జరుగు” అన్నది ఎవరు? వనజే! వెనక అరవై మంది నిలబడి ఉన్నారు, మధ్యాహ్నం దాటితే కార్ఖానా గేటు మూస్తారు, మరి తనేం చేస్తుంది? ఇప్పుడు ఎన్ని చెప్పుకుంటే ఏం లాభం.

ఆ తర్వాత గుమాస్తా తన చిట్టా పట్టుకుని కార్డుల పేర్లు పిలిచాడు. తొందరగా అవుతుందని ఆ పిలుపులకే తను ఒప్పుకుంది. ఆధార్ చూడలేదు, ముఖం చూడలేదు. కార్డు చూసి పేరు, వయసు రాసుకుంది, మిగతావి నోటితో అడిగింది. “సత్తమ్మా!” అని పిలిస్తే, ఆ పిల్లే అత్త కార్డు పట్టుకుని మళ్లీ వచ్చింది. అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పింది. తనే వినలేదు. గోడ మీద తనే అంటించిన కాగితంలో అడుగున చిన్న అక్షరాలతో రాసి ఉంది కదా, రక్తం కనబడితే వయసుతో పని లేదు, క్యాంపు కోసం ఆగొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి పంపాలని! కరీంనగర్ ట్రైనింగులో ఆ ముక్క రెండుసార్లు చెప్పారు. పైన ఉన్న ముప్పై అన్న అంకె ఒక్కటే తన బుర్రలో మిగిలింది.

“ఎందుకు చెప్పలే పెద్దమ్మా?” వనజ రిజిస్టరు మూసేసింది. “నిన్న నిన్ను బల్ల మీద పండబెట్టి పరీక్ష చేస్తుంటే సుత ఎందుకు చెప్పలే? సిగ్గు ఇడిసి, గా బాధ పడుకుంట...”

“ఏం చెప్పాలె బిడ్డా? కార్డు నాది, రిపోర్టు నా పేరు మీద అచ్చింది. నేను గాదంటే కార్డు దొంగదంటరు.” సత్తమ్మ మొదటిసారి తలెత్తింది. “ఇరవై ఏండ్ల సంది గిట్లనే నడుత్తంది. బీడీ దవాఖానకు పోయి, జరమచ్చింది నాకే అని చెప్త. గోలీలు తెచ్చి శ్రీహరికి ఏత్త. దగ్గు నాకే అంట, తెచ్చి పోరికి తాపుత. జ్యోతికి కాన్పు తర్వాత రక్తం తక్కువుంటే, నాకే కండ్లు తిరుగుతున్నయని చెప్పి టానిక్కులు తేలేదా? గిది సుత గంతే అనుకున్న. నాకే అని చెప్తే గోలీలిత్తరు, తెచ్చి దానికి ఏద్దామనుకున్న. బట్టలిప్పి చూత్తరని నాకేం ఎరుక?”

వనజకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈ ముసలిదాని మీద కోప్పడాలా, కాళ్లు మొక్కాలా? కోడలి రోగాన్ని తన ఒంటి మీద వేసుకుని, యాభై మైళ్ల దూరం బస్సులో కుదుపులు తిని, పరాయివాళ్ల ముందు కాళ్లు చాపి పడుకుంది. ఎందుకు? నాలుగు గోలీల కోసం!

కళ్లు తుడుచుకుని, ముందుకు వంగి సత్తమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

“విను పెద్దమ్మా, బుగులు పడకు. గా రిపోర్టుల తేడా వచ్చిందంటే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. క్యాన్సర్ తెచ్చే పురుగు లోపల ఉంది, ముఖద్వారం దగ్గర ఏమన్న చేసిందా చూడాలె అని అర్థం. అద్దం పెట్టి చూస్తరు, అనుమానమైతే గోరంత ముక్క తీస్తరు. మొదట్లనే దొరికితే చిన్న వైద్యంతోటి పోతది, సంచి సుత తియ్యరు. రక్తం అయితుంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు, గంతే. ఇయ్యాళనే తోల్కపోత. కార్డు ముచ్చట నేను సూసుకుంట. ఎప్పుడొస్తది జ్యోతి?”

సత్తమ్మ ముఖంలో వింతగా ఒక నిబ్బరం కనబడింది. నిన్న బస్సులో ఉన్న ముఖం కాదది.

“నువ్వింక ఫికర్ జెయ్యకు వనజమ్మా. గా పని నేనే సూసిన. ఇయ్యాళ్టితోటి అయిపోతది.”

“ఏం పని?”

“మళ్ల నీకు తిప్పలెందుకని చెప్పలే. డాక్టరమ్మ మాటలు తెర ఎనుక నుంచి నేను ఇన్న గదా. సంచి లేదు గాబట్టి ఈమెకు గా రోగం వచ్చే చోటే లేదు అన్నది. అన్నదా లేదా?”

“అన్నది. అయితే?”

“అయితే ఏముంది? నాకు లేదు గాబట్టి రాలే. దానికి సుత తీసేపిత్తే పోతది. రాత్రి శ్రీహరికి చెప్పిన. హనుమండ్లుకు నిన్ననే బస్సు దిగంగనే చెప్పి అచ్చిన. పొద్దున ఆరుగంటల బస్సుకు ముగ్గురు కలిసి కరీంనగర్ పోయిండ్రు. హనుమండ్లుకు ఎరుకైన నర్సింగ్ హోం ఉందట. ఇద్దరు పిల్లలైరి, ఇంక సంచితోటి ఏం పని దానికి?”

వనజ లేచిన విసురుకు పీట తిరగబడింది, రిజిస్టరు కిందపడింది.

“పెద్దమ్మా! ఎంత పని చేసినవే! లోపల ఏముందో చూడకుండ కొయ్యొద్దు! నిజంగనే అది క్యాన్సరే అయితే గా ఆపరేషన్ సరిపోదు, తర్వాత చేసే వైద్యం మొత్తం ఆగమైతది. ఏం లేదనుకో, ఇరవై ఎనిమిదేండ్లకు ఉత్తపుణ్యానికి నీ లెక్కనే నడుము ఇరిగి కూసుంటది. గది కావాల్నా నీకు?”

సత్తమ్మ ఒడిలోంచి చాట జారి, ఆకులన్నీ వాకిట్లో పరుచుకున్నాయి.

వనజ శ్రీహరికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. హనుమండ్లుకు చేసింది. ఒక్కసారి మోగగానే కట్ చేశాడు, మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్. వాడి తెలివి తెల్లారా! టైం చూసింది. పదీ ఇరవై. స్కూటీ మీద ఎంత కొట్టినా గంటన్నర.

“గా నర్సింగ్ హోం పేరేంది? నంబరేమన్న ఉందా?”

సత్తమ్మ కొంగు ముడి విప్పింది. హనుమండ్లు రాసిచ్చిన నర్సింగ్ హోం చీటీ. అడుగున అచ్చువేసిన నంబరు. వనజ అంకెలు రెండుసార్లు తప్పు నొక్కింది, మూడోసారి కలిసింది. సాంచాల మోతలో ఏమీ వినబడక లోపలి గదిలోకి దూరి, ఒక చెవి మూసుకుంది.

“హలో, సిరిపురం నుంచి ఏఎన్ఎం మాట్లాడుతున్న. మీ దగ్గరికి పొద్దున ఒక పేషెంట్ వచ్చింది, జ్యోతిరాణి, ఇరవై ఎనిమిది. గర్భసంచి ఆపరేషన్‌కు. ఆపరేషన్ ఆపాలె. అర్జెంటుగ డాక్టరుతోటి మాట్లాడాలె.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “జ్యోతిరాణా? ఆ పేరుతోటి ఎవరూ లేరు మేడం.”

“సరిగ చూడమ్మా. భర్త పేరు శ్రీహరి.”

“చూసిన మేడం. ఇయ్యాళ మూడు ఆపరేషన్లే ఉన్నయి. జ్యోతిరాణి ఎవరూ లేరు.”

వనజ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. బస్సు ఆగిపోయిందో, పిల్ల భయపడి మధ్యలోనే దిగిపోయిందో! కొండగట్టు అంజన్నా, నువ్వున్నవయ్యా! ఫోను చెవిన పెట్టుకునే తలుపు దగ్గరికి వచ్చింది. వాకిట్లో సత్తమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆకులు ఏరుతోంది.

“లేదంట పెద్దమ్మా! జ్యోతి అక్కడికి పోలేదంట!”

సత్తమ్మ చేతులు ఆగిపోయాయి. తలెత్తి చూసిన ఆ ముఖంలో సంతోషం లేదు.

“గా పేరు మీద అడుగకు బిడ్డా,” అంది మెల్లగా. “రిపోర్టు నా పేరు మీద ఉండె గదా. పేర్లు కలువకుంటే ఆపరేషన్ చెయ్యం అంటరని...”

వనజ పక్కకు తిరిగింది. తలుపు పక్కన మేకు, మేకుకు క్యాలెండరు. క్యాలెండరు కింద ఏమీ లేదు.

“హలో!” ఫోనులోకి అరిచింది. “సత్తమ్మ! సత్తమ్మ పేరుతోటి ఉన్నరా చూడమ్మా!”

“ఆ, సత్తమ్మనా? ఉన్నరు మేడం,” అంది అవతలి పిల్ల, దొరికినందుకు సంతోషంగా. “ఇప్పుడే థియేటర్ల పండబెట్టిండ్రు.”

“ఆపండి! ఆమె సత్తమ్మ కాదు!” అని వనజ అరిచేసరికి, అవతల ఫోను పెట్టేశారు.